నమ్మకం ఎవరి సొత్తు? గుంటూరు సీమ వర్తక ఒప్పందాల్లో కులం, న్యాయం

గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్ళినా, ఏ అడ్డరోడ్డు తిరిగినా వకీళ్ళ బోర్డులు కనపడతాయి. ఆ గదుల్లో పొద్దస్తమానం వినపడే మాటలు కొన్నే: ప్రోనోటు, తనఖా, అగ్రిమెంటు, డిక్రీ, ఐపీ. పత్తి, పొగాకు, మిరప పండే ఈ నేల మీద ప్రతి పంట వెనకా ఒక అప్పు, ప్రతి అప్పు వెనకా ఒక ఒప్పందం ఉంటాయి. కొన్ని కాగితం మీద ఉంటాయి. ఎక్కువభాగం నోటిమాట మీదనే నడుస్తాయి.

దళిత ఉద్యమ చర్చల్లో అట్రాసిటీ చట్టానికి దొరికిన చోటు కాంట్రాక్టు చట్టానికి దొరకలేదు. దానికి కారణం లేకపోలేదు. కారంచేడు, చుండూరు చూసినవాళ్ళకు ముందు ప్రాణం గుర్తొస్తుంది, తర్వాతే ప్రోనోటు. అయితే చంపడానికి ముందూ, చంపిన తర్వాతా కులం రోజూ చేసే పని ఒకటుంది. కూలి ఎంతో, కౌలు ఎంతో, వడ్డీ ఎంతో, ఎవరి సరుకు ఎవరు కొనాలో అది తేల్చిపెడుతుంది. ఆ పని ఒప్పందాల ద్వారానే సాగుతుంది. అందుకే ఈ వ్యాసంలో మేము ఒప్పంద న్యాయం చరిత్రను వాడ వైపు నుంచి చూడదలచుకున్నాం.

న్యాయశాస్త్రవేత్తల్లో ఈ విషయం మీద స్థూలంగా రెండు వాదాలున్నాయి. ఇద్దరు స్వేచ్ఛగా ఒప్పుకుంటే చాలు, అందులోని మంచిచెడ్డలు కోర్టుకు అక్కర్లేదని మొదటి వాదం. ఒప్పందమన్నది ఒంటరి మనుషుల వ్యవహారం కాదు, దానికో సమాజముంది, దానికి నమ్మకం, నిజాయితీ, రివాజు అనే విలువలున్నాయి, వాటిని బట్టే న్యాయం తేల్చాలని రెండో వాదం. అమెరికాలో 1950ల నుంచి రాష్ట్రాలు ఆమోదిస్తూ వచ్చిన యూనిఫాం కమర్షియల్ కోడ్ ఈ రెండో వాదం బలంతో వచ్చిందే. వర్తకుడు నిజాయితీగా ఉండాలి, ఆ వ్యాపారంలో న్యాయమనిపించుకున్న పద్ధతుల ప్రకారం నడుచుకోవాలి అని అది చెప్పింది.

మొదటి వాదం లోపం మనకు తెలిసిందే. ఆకలితో ఉన్నవాడికి స్వేచ్ఛ ఎక్కడిది? రెండో వాదం వినడానికి బాగుంటుంది. కానీ సమాజం విలువలు అన్నప్పుడు ఏ సమాజం? ఊరా, వాడా? వ్యాపారంలో న్యాయమనిపించుకున్న పద్ధతి అంటే, ఎవరికి న్యాయమనిపించింది? ఈ ప్రశ్న అడగకుండా ఒప్పందంలోకి సమాజాన్ని పిలిస్తే, వచ్చి కూర్చునేది ఊరిపెద్దే.

చట్టం చూసిన మనిషి

1872లో వచ్చిన ఇండియన్ కాంట్రాక్టు చట్టమే ఇప్పటికీ మన ఒప్పందాలకు మూలం. స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉంటేనే అది ఒప్పందమని చట్టం అంటుంది. దానికి విరుద్ధంగా లేని వర్తక రివాజులను మాత్రం మొదటి సెక్షన్‌లోనే కాపాడింది. అంటే స్వేచ్ఛ, రివాజు రెండూ ఆ పుస్తకంలో మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

16వ సెక్షన్ అనుచిత ప్రభావం గురించి. ఒకడు రెండోవాడి మీద పెత్తనం చేయగల స్థితిలో ఉండి, దాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. దీనికింద చట్టమే కొన్ని ఉదాహరణలిచ్చింది. రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాంట్లో, ఊరి వడ్డీవ్యాపారికి ముందే బాకీపడి ఉన్నవాడు ఘోరమైన షరతులమీద మళ్ళీ అప్పు తీసుకుంటాడు. తాను ఒత్తిడి పెట్టలేదని రుజువు చేసుకోవాల్సిన భారం వ్యాపారిదే. ఇంకోదాంట్లో, మార్కెట్లో డబ్బు కటకటగా ఉన్న రోజుల్లో బ్యాంకరు ఎక్కువ వడ్డీకి తప్ప ఇవ్వనంటాడు, అవతలివాడు ఒప్పుకుంటాడు. అది మామూలు వ్యాపార వ్యవహారం, దాంట్లో తప్పు లేదు.

ఊళ్ళో అయితే పెత్తనం, బజార్లో అయితే వ్యాపారం. చట్టం గీసిన గీత ఇది. మరి గుంటూరు సీమలో ఊరి ఆసామే బజారులో కమీషన్ వ్యాపారి అయితే? అప్పిచ్చినవాడే భూమి కౌలుకిచ్చినవాడూ, కూలి ఇచ్చేవాడూ, సరుకు కొనేవాడూ అయితే? అప్పుడు ఏ ఉదాహరణ వర్తిస్తుంది? దళితుల విషయంలో ప్రశ్నంతా ఇక్కడే ఉంది.

ఊరి ధర్మం లెక్క

ఇంగ్లీషువాడి చట్టం రాకముందు మన ఒప్పందాల్లో ధర్మం ఉండేదని, మాటంటే మాటేనని కొందరు అంటుంటారు. ఆ ధర్మం లెక్కలు రాసిపెట్టే ఉన్నాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు చొప్పున వడ్డీని వర్ణక్రమంలో నిర్ణయించింది. బ్రాహ్మణుడికి రెండు, శూద్రుడికి అయిదు. అదే అధ్యాయంలో వడ్డీ అసలును మించకూడదన్న నియమమూ ఉంది. అంటే న్యాయం గురించి ఆలోచించని పుస్తకం కాదది. న్యాయం గురించి ఆలోచిస్తూనే మనిషి మనిషికీ వేరువేరు రేటు కట్టింది. వర్ణాలకు బయట ఉంచిన మనవాళ్ళకు ఆ లెక్కలో అసలు చోటే లేదు.

ఊళ్ళో మాదిగలకు ఉన్న ఒప్పందం ఏమిటి? రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు పనిచేయాలి, డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి. బదులుగా కళ్ళంలో మేర, చచ్చిన గొడ్డు. ఇది పరస్పర సహకారమని సామాజిక శాస్త్రజ్ఞులు రాస్తూ వచ్చారు. పరస్పరం అయితే రెండువైపులా కాదనే వీలు ఉండాలి గదా? రైతు ఈ మాదిగను మార్చుకోవచ్చు, మేర తగ్గించుకోవచ్చు. మాదిగ మాత్రం డప్పు కొట్టనంటే కుదరదు. పుట్టుకతో వచ్చిన ఒప్పందానికి సమ్మతి ఎవరూ అడగలేదు. పాలేరుతనమూ అంతే. పేరుకు ఏడాది కరారు, అప్పు తీరకపోతే కొడుక్కి కూడా అదే గతి.

అందుకే అంబేద్కర్ గ్రామాన్ని ఆదర్శంగా చూడటాన్ని ఒప్పుకోలేదు. 1947లో రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ప్రభుత్వం జోక్యం చేసుకోకపోవడాన్ని స్వేచ్ఛ అంటున్నారు, ఆ స్వేచ్ఛ కౌళ్ళు పెంచే భూస్వామికి, కూలి తగ్గించే యజమానికి మాత్రమే స్వేచ్ఛ అని తేల్చాడు. ఊరినీ నమ్మలేదు, మార్కెట్టునూ నమ్మలేదు.

కాలువ కూలి, అడ్వాన్సు జైలు

అయితే రాతకోతల ఒప్పందం దళితులకు ఎప్పుడూ చెరుపే చేసిందనడం కూడా చరిత్ర కాదు. ఒంగోలు ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ ఉంది.

తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మాదిగ యెర్రగుంట్ల పేరయ్య 1866లో క్రైస్తవంలోకి వచ్చాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. ఇది ఊరి లెక్క ప్రకారం ఒప్పంద ఉల్లంఘన. ఊరిపెద్దలు బావులు, దారులు, పనులు మూసేశారు. పదేళ్ళకు 1876-78 నాటి పెద్ద కరువొచ్చింది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు ప్రభుత్వం దగ్గర తీసుకున్నాడు. అజమాయిషీకి తన తెలుగు బోధకుల్నే పెట్టాడు, వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. పని సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయాక, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీన్ని మతం కథగానే చెబుతారు. మేము ఇందులో ఒప్పందం కథను కూడా చూస్తున్నాం. ఊరి మేరతో, ఊరి రివాజుతో, ఆసామి దయతో పనిలేని కూలి ఒకటి ఉంటుందని వేలమందికి కాలువగట్టు మీద తెలిసింది. అక్కడ మేస్త్రి తమవాడు. ఊరికి బయట ఒప్పందం చేసుకునే వీలే ఊరిని ధిక్కరించే బలాన్ని ఇచ్చింది.

అదే కాలంలో అదే ప్రభుత్వం చేతిలో ఇంకో చట్టం ఉంది. 1859 నాటి పదమూడో నంబరు చట్టం, పనివాళ్ళ ఒప్పంద ఉల్లంఘన చట్టం. అడ్వాన్సు తీసుకుని పనికి రాని కూలీని యజమాని మేజిస్ట్రేటు ముందుకు ఈడ్వవచ్చు. డబ్బు కట్టు, లేదా పని చెయ్యి అని మేజిస్ట్రేటు ఆజ్ఞాపిస్తాడు. వినకపోతే మూడు నెలల దాకా జైలు. యజమాని కూలి ఎగ్గొడితే మాత్రం ఈ చట్టం కింద జైలు లేదు. 1872 చట్టం ఒప్పందం తప్పినవాడు నష్టపరిహారం ఇస్తే చాలంది. ఆ మర్యాద కూలీకి మాత్రం దక్కలేదు. 1925లో గాని దీన్ని రద్దు చేయలేదు.

అమెరికాలో నల్లవాళ్ళకూ ఇదే జరిగింది. అలబామా రాష్ట్రంలో అలోంజో బెయిలీ అనే నల్లజాతి కూలీ పదిహేను డాలర్లు అడ్వాన్సు తీసుకుని, నెల పైచిలుకు చేసి మానేస్తే, అది మోసమేనని శిక్షవేశారు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. బాకీ తీర్చడానికి మనిషిని పనికి కట్టేయడం బానిసత్వమేనంది. ఒప్పందం పేరుతో వచ్చినా వెట్టి వెట్టేనని మన కోర్టులు చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

పంట ఒప్పందంలో కనపడని వాళ్ళు

1861-65 అమెరికా అంతర్యుద్ధం నాటి పత్తి గిరాకీ నుంచి ఈ జిల్లాల పంట దూరదేశాల ధరకు ముడిపడింది. 1920ల నుంచి వర్జీనియా పొగాకు, ఆ తర్వాత మిరప. సరుకు ఎంత దూరం పోతే మధ్యలో అన్ని చేతులు. పెట్టుబడికి అప్పిచ్చిన వ్యాపారికే సరుకు వేయాలన్న షరతు ఒక్కటి చాలు, ధర అతను చెప్పిందే.

ఈ అన్యాయాన్ని చట్టం గుర్తించింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. 1959లో అరుణాచల నాడార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ కోకా సుబ్బారావు. అప్పుల్లో ఉన్న రైతు దళారీ చేతిలో ఎట్లా నష్టపోతాడో అందులో వివరించారు. 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ విమోచన చట్టం, అసలుకు రెండింతలు కట్టినవాడి బాకీ తీరినట్టేనంది. ఇవి చిన్న విషయాలు కావు. రాసుకున్న ఒప్పందాన్ని న్యాయం కోసం ప్రభుత్వం తిరగరాయవచ్చని ఒప్పుకున్న చట్టాలివి.

కానీ ఎవరి కోసం? 1938 చట్టంలో రైతు అంటే భూమిలో హక్కో, కౌలో ఉన్నవాడు. భూమి లేని కూలీ బాకీ ఎన్ని రెట్లు అయినా దాని కిందికి రాదు. 1933 చట్టం రైతుకూ దళారీకీ మధ్య నిలబడింది. ఆ రైతు చేలో కాయ కోసిన మాల, మాదిగ ఆడకూతుళ్ళు, కల్లంలో తాలు ఏరిన చేతులు, తొడిమలు తీసిన వేళ్ళు, టిక్కీలు మోసిన వీపులు ఆ చట్టంలో ఎక్కడా లేవు. దళారీ దగ్గర బాధితుడైన రైతు చేలో యజమాని అవుతాడు. మార్కెట్లో తగ్గిన ధరను కూలి మీదికి తోస్తాడు. 'రైతుకు న్యాయం' అనే మాట దగ్గర ఆగిపోతే వాడకు న్యాయం జరగదు.

కౌలుదారు సంగతీ చూద్దాం. భూమి లేని దళితుడు కౌలుకు దిగితే అది నోటిమాట మీదే. ఆంధ్ర ప్రాంతానికి 1956లోనే కౌలుదారీ చట్టం ఉంది. కౌలు రాతపూర్వకంగా ఉండాలని, కనీసం ఆరేళ్ళు ఉండాలని అది చెప్పింది. ఊళ్ళో ఎవరూ రాయలేదు. 2011లో గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందపత్రం మీద భూయజమాని సంతకం కోరింది. హక్కు ఎవరికి ఇవ్వదలచుకున్నారో వాళ్ళకు వ్యతిరేకంగా ఉన్నవాడి చేతిలో కలం పెట్టారు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. మళ్ళీ కమీషన్ కొట్టు గడపే.

ఐపీ

గుంటూరు సీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన న్యాయశాస్త్రపు మాట ఐపీ. వ్యాపారి దివాలా దరఖాస్తు పెట్టాడంటే 'ఐపీ పెట్టాడు' అంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద అయిదొందల రూపాయల బాకీ ఉన్నవాడెవడైనా తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవచ్చు. దీని వెనకున్న ఆలోచన మంచిదే. బాకీ కోసం మనిషిని చెరలో పెట్టకూడదు, ఉన్న ఆస్తిని అందరికీ సమంగా పంచాలి.

ఆచరణ వేరు. ఐపీ ఎప్పుడు పెట్టాలో, ఆస్తి ముందుగా ఎవరి పేర మార్చాలో తెలిసినవాడికే అది ఉపయోగపడుతుంది. వ్యాపారి మీద నమ్మకంతో సరుకు వేసిన చిన్నరైతు, కౌలుదారు చేతిలో తెల్లకాగితం మీద రాసిన లెక్క తప్ప ఏముంటుంది? బజార్లో నమ్మకం కులం వెంట, చుట్టరికం వెంట నడుస్తుంది. వ్యాపారి మునగబోతున్నాడన్న కబురు ముందు బంధువులకు తెలుస్తుంది, చివరికి వాడకు తెలుస్తుంది.

ఇక ఆ చట్టం 61వ సెక్షన్ చూడండి. దివాలా తీసినవాడి ఆస్తి పంచేటప్పుడు ప్రభుత్వ బాకీలతో పాటు గుమాస్తా, నౌకరు, కూలీల జీతాలకు ముందు వరస ఇచ్చింది. ఎంతవరకు? దరఖాస్తుకు ముందు నాలుగు నెలల్లో చేసిన పనికి మనిషికి ఇరవై రూపాయలు మించకుండా! ఇది 1920లో రాసిన అంకె. కూలీకి ముందు హక్కు ఉందని సూత్రం ఒప్పుకుని, అంకె దగ్గర ఆ హక్కును పూడ్చిపెట్టారు.

ఒప్పుకోకపోవడం కూడా ఒప్పందమే

మనిషిని కట్టేసే ఒప్పందాల గురించి ఇంతదాకా చెప్పాం. మనిషిని వెలివేసే ఒప్పందం ఇంకొకటి ఉంది. 1991లో చుండూరులో సినిమాహాల్లో మొదలైన గొడవ తర్వాత ఊరు దళితుల్ని పనుల్లోకి పిలవడం మానేసింది. ఆ సాంఘిక బహిష్కరణ సాగుతుండగానే ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఈ కేసు మీద చాలా రాశారు, ఇంకా రాయాలి. మేము చెప్పదలచింది బహిష్కరణ గురించి.

వెలి అంటే ఏమిటి? వీళ్ళకు పని ఇవ్వం, కౌలుకివ్వం, అప్పివ్వం, సరుకు అమ్మం అని ఊరంతా చేసుకున్న ఒప్పందం. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఒకరి వృత్తికి, వ్యాపారానికి అడ్డుపడే ఒప్పందం చెల్లదంటుంది. చెల్లదంటే కోర్టు దాన్ని అమలు చేయదు, అంతే. ఊరి ఒప్పందానికి కోర్టు అమలు ఎందుకు? అమలు చేయడానికి ఊరే ఉంది. సమాజం విలువలు అనేవి ఎంత బలమైనవో చూడాలంటే ఇక్కడ చూడాలి. రాత లేదు, సాక్షి సంతకం లేదు, ఒక్కడూ మాట తప్పడు.

అంబేద్కర్ ఇది ముందే చూశాడు. 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్టే కమిటీలో సభ్యుడుగా ఉన్నప్పుడే బహిష్కరణ అనే ఆయుధం గురించి నివేదికలో రాశారు. 1947లో, బర్మాలో 1922 నాటి బహిష్కరణ నిరోధక చట్టాన్ని నమూనాగా తీసుకుని దీన్ని నేరం చేయాలన్నాడు. అట్రాసిటీ చట్టంలో ఆర్థిక బహిష్కరణకు నిర్వచనం 2015 సవరణతో వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కూలికి పిలవకపోవడం, వ్యాపారం చేయకపోవడం, కాంట్రాక్టు అవకాశాలు ఇవ్వకపోవడం, మామూలుగా వ్యాపారం జరిగే షరతులమీద వ్యవహరించకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మామూలు వ్యాపార వ్యవహారం అనే మాట 1899 సవరణతో కాంట్రాక్టు చట్టంలోకి వచ్చి బ్యాంకరును కాపాడింది. 116 ఏళ్ళ తర్వాత అదే మాట దళితుడి హక్కుకు కొలతగా వచ్చింది. కాంట్రాక్టు చట్టం చరిత్రలో ఇది పెద్ద మలుపని మేము అనుకుంటున్నాం. న్యాయ కళాశాలల్లో మాత్రం దీన్ని క్రిమినల్ చట్టం కింద చదివి వదిలేస్తున్నారు.

రాజ్యాంగం ఒప్పందంలోకి వస్తే

1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అంది. కూలీ తనంతట తాను ఒప్పుకున్నాడు గదా అంటే, ఆకలి కూడా బలవంతమేనంది. 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో, బేరమాడే శక్తిలేనివాడి నెత్తిన రుద్దిన ఘోరమైన షరతు ప్రజాహితానికి విరుద్ధం, అది చెల్లదంది. ఈ న్యాయం ఊరి రివాజు నుంచి రాలేదు, సమానత్వం చెప్పిన 14వ అధికరణం నుంచి వచ్చింది.

అయితే ఆ తీర్పే ఒక తలుపు తెరిచి ఉంచింది. ఇద్దరూ వ్యాపారస్తులై, అది వర్తక వ్యవహారమైతే ఈ సూత్రం వర్తించదంది. ఇద్దరు పెద్ద కంపెనీల మధ్య అయితే సరే. గుంటూరు సీమలో పరిస్థితి వేరు. మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి కూలీల్ని తెచ్చే ముఠా మేస్త్రి కాగితం మీద కాంట్రాక్టరు. ఎకరం కౌలుకు చేసే మాదిగ కమీషన్ కొట్టు లెక్కలో అమ్మకందారు. నాలుగు గొర్రెతోళ్ళు కొని అమ్మేవాడు వర్తకుడు. పేరు మారిస్తే చాలు, కూలి సంబంధం వర్తకమైపోతుంది, రాజ్యాంగం గుమ్మం బయట ఉండిపోతుంది. ఊరి పెత్తనానికీ బజారు వ్యాపారానికీ మధ్య కాంట్రాక్టు చట్టం గీసిన గీత ఇక్కడ మళ్ళీ కనపడుతుంది.

ఏం అడగాలి

ఈ చరిత్ర నుంచి మేము కొన్ని నిర్ణయాలకు వస్తున్నాం. ఒప్పందంలో న్యాయం ఒంటరి మనిషి స్వేచ్ఛ నుంచి రాదు, ఊరి ధర్మం నుంచీ రాదు. కాలువగట్టు మీద వచ్చినట్టు, ఊరికి బయట ఇంకో దారి ఉన్నప్పుడు వస్తుంది. రాజ్యాంగాన్ని అడ్డంపెట్టుకుని సంఘంగా బేరమాడినప్పుడు వస్తుంది. వాడకూ విలువలున్నాయి. చేబదులు, బదలుపని, కష్టానికి ఒకరికొకరు నిలబడటం. వర్తక రివాజు అన్నప్పుడు చట్టం ఈ రివాజును ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడగాలి. కౌలు గుర్తింపుకు యజమాని సంతకం షరతు కాకూడదు, సాగు చేసినట్టు వాడలో చెప్పే సాక్ష్యం చాలాలి. అప్పు, భూమి, కొనుగోలు ఒకే చేతిలో ఉన్నచోట, ఒత్తిడి లేదని రుజువు చేసుకునే భారం ఆ చేతిదే కావాలి, దాన్ని మామూలు వ్యాపారం అనడానికి వీల్లేదు. దివాలాలో కూలి బాకీకి ఇరవై రూపాయల కట్టడి పోవాలి, పూర్తి కూలి ముందు వరసలో నిలవాలి. ఆర్థిక బహిష్కరణ జరిగినచోట శిక్షతోపాటు పోయిన పనిదినాలకు పరిహారం సివిల్ హక్కుగా రావాలి.

ఇవి వకీళ్ళు ఒక్కళ్ళే చేయగలిగేవి కావు. వాడల్లో పనిచేసే కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊళ్ళో కౌలు ఎట్లా కుదురుతుందో, మిరపకోత అడ్వాన్సు ఎంతకు తీరుతుందో, ఖాళీ ప్రోనోటు మీద ఎవరు వేలిముద్ర వేయిస్తున్నారో రాసిపెట్టడం మొదలుపెట్టాలి. నోటిమాట మీద నడిచే అన్యాయానికి మొదటి సాక్ష్యం ఆ రాతే అవుతుంది.